పిన్నులు కొట్టిన ఆఖరి అధ్యాయం

ఒక్క స్టేప్లరుతో ఊరు ఊరంతటినీ తునికాకు కోతకు పోకుండా ఆపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. గోదావరి పొంగితే జనం ఆగుతారు, బస్సు రాకపోతే ఆగుతారు. స్టేప్లరు పిన్నులకు ఆగడం ఎక్కడైనా ఉందా? ఉంది. ఆ ఘనకార్యం చేసింది నేనే. చెప్తాను, వినండి. మధ్యలో నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు నాకు మాత్రం ముచ్చెమటలు పోశాయి.

మాది వేంసూరు. డిగ్రీ అయిపోయి ఇంట్లో మా అమ్మ చేత తిట్లు తింటున్న రోజుల్లో, ఒక చిన్న సంస్థ వాళ్ళు వేసవి సెలవుల్లో పల్లె పిల్లల చేత పుస్తకాలు చదివించే పని ఇచ్చారు. సత్తుపల్లిలో గది, అడవి అంచున ఒక కోయ గూడెం, మధ్యలో భద్రాచలం బస్సు. ఇదీ నా రాజ్యం.

ఎండాకాలంలో ఏ పుస్తకాలు ఇవ్వాలి? దయ్యాలవి! ఇది పూర్తిగా నా సొంత ఆలోచన. భయమేస్తే ఒళ్ళు చల్లబడుతుంది కదా, కూలర్లు లేనిచోట దయ్యమే దిక్కు అనుకున్నాను. అయితే నేను బాధ్యత గల మనిషిని. ఎవరి వయసుకు ఎంత భయం తగునో అంతే ఇవ్వాలని రంగు స్టిక్కర్లు తెచ్చాను. ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళ పుస్తకాలకు ఆకుపచ్చ, ఆ పై వాళ్ళకు పసుపు, పదమూడు దాటిన వాళ్ళకు ఎరుపు. ఆకుపచ్చ దయ్యాలు పకోడీలు తిని ఏడుస్తాయి. పసుపు దయ్యాలు గజ్జెలు మోగిస్తాయి. ఎర్రవాటి సంగతి నన్నడక్కండి.

నేను స్టిక్కర్లు అంటిస్తుంటే ముత్తమ్మ అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు చదువు రాదు, కానీ గూడెంలో ఆమె మాట దాటేవాళ్ళు లేరు.

"ఈ ఎర్రది ఏంది బిడ్డా?"

"పెద్దవాళ్ళకవ్వా. గుండె గట్టిగా ఉన్నవాళ్ళకి."

"మరి ఈ ఆకురంగుది?"

"చిన్నపిల్లలకి. ఊరికే జడుసుకునేవాళ్ళకి."

"అవ్, మంచిగున్నది," అని ఆకుపచ్చ స్టిక్కరొకటి తీసుకుని కొంగున ముడేసుకుంది. ముచ్చటపడిందేమో అనుకున్నాను.

అదే రోజు ఇంకొకటి జరిగింది. ఊరి బయట కల్లం ఉంది. బీడీలు చుట్టే తునికాకును కోసి, కట్టలు కట్టి తెచ్చి అప్పజెప్పే చోటు. అక్కడ ఒక కట్ట వదులుగా కనిపిస్తే, సాయం చేద్దామని విప్పబోయాను. కల్లం చూసుకునే వెంకటేశు కేక పెట్టుకుంటూ వచ్చాడు.

"ఆగుండ్రి మేడం! ఒకలు కట్టింది ఇంకొకలు ఇప్పొద్దు. ఎవలు కట్టిండ్రో వాళ్ళే ఇప్పాలె. ఈడ గదే పద్ధతి."

నేను సారీ చెప్పి మర్చిపోయాను. మీరు మాత్రం మర్చిపోకండి.

ఇక ఎర్ర స్టిక్కరు పుస్తకం దగ్గరికి వద్దాం. అడవిలో ఒక పాత బంగళా, అందులో ఎప్పుడూ మూసి ఉండే తలుపు, ఆ తలుపు వెనక నుంచి పేరు పెట్టి పిలిచే గొంతు. అట్ట వెనక "గుండె బలహీనంగా ఉన్నవారు ఆఖరి అధ్యాయం చదవరాదు" అని హెచ్చరిక. దాన్ని ముత్తమ్మ అవ్వ మనవరాలు స్వాతి అడిగింది. తొమ్మిదో తరగతి, వయసు సరిపోయింది. అయినా ఆ హెచ్చరిక చూశాక నాకు ధైర్యం చాలలేదు. ఆఖరి అధ్యాయం కాగితాలన్నీ ఒక్కచోటికి పట్టి, మూడు వైపులా టకటకా పిన్నులు కొట్టేశాను.

"ఇక్కడిదాకా చదువు. ఇది మాత్రం విప్పకు తల్లీ."

"ఇప్ప మేడం," అంది స్వాతి. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను. బుద్ధిమంతులతోనే ఎక్కువ ప్రమాదమని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్నే నేను ఇడ్లీ ముందు కూర్చోగానే వెంకటేశు ఫోను.

"మేడం, ఏం పుస్తకం ఇచ్చిండ్రు మీరు?"

"ఏమైందండీ?"

"ఒక్కలు ఆకుకు పోలె. ఊరంత ముత్తమ్మ ఇంటి ముంగట కూసున్నరు. ఏందిరా అంటే పుస్తకం అంటున్నరు, దయ్యం అంటున్నరు. పైకెల్లి మబ్బు పడుతున్నది. రాళ్ళవాన గిట్ల కొట్టిందంటే ఆకంత చిల్లులే. పిల్లల ఫీజులు, వానకాలం ఇత్తనాలు, అన్ని ఈ ఆకు మీదనే మేడం. జల్దీ రాండ్రి!"

ఇడ్లీ వదిలేసి బస్సు కోసం పరిగెత్తాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను దయ్యాన్నే తొక్కాను, దేంతో కడుక్కోవాలి? బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తల బయటికి పెట్టి మబ్బునే చూశాను. ఒక్కో ఊరు దాటుతుంటే అది ఇంకాస్త నల్లబడుతోంది. "కొంచెం త్వరగా పోనివ్వండి," అంటే, "ముంగట బొగ్గు లారీ ఉన్నది, దాని మీదికెల్లి పోవాల్నా?" అన్నాడు డ్రైవరు.

ఎగతాళి పక్కన పెట్టి చెప్తున్నాను, అంత భయం నాకు అంతకుముందెప్పుడూ వేయలేదు. ఆకు ముదిరేదాకానే వాళ్ళ సంపాదన. నా సరదా వాళ్ళ ఏడాదిని మింగేస్తుందేమో! ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది, లేదంటే అబద్ధం. వేంసూరు వెళ్ళి మా అమ్మకేం చెప్పాలి? "దయ్యం వల్ల ఉద్యోగం పోయింది" అంటే ఆమె వేపమండలు పట్టుకొస్తుంది.

బస్సు దిగి, టేకు చెట్ల మధ్య దారిలో ఉరికి ఉరికి గూడెం చేరాను. వెంకటేశు చెప్పింది నిజమే. ముసలీ ముతకా, పిల్లా పీచూ అందరూ అవ్వ వాకిట్లో ఉన్నారు. ఖాళీ గంపలు గోడకు ఆనించి ఉన్నాయి. బస్సులో తయారు చేసుకున్న ఉపన్యాసం ఊపిరి తీసుకోకుండా అందుకున్నాను.

"అందరూ వినండి! దయ్యాలు లేవు! అదంతా ఎవరో ఇంట్లో కూర్చుని రాసిన కట్టుకథ! భయపడి పని మానుకోకండి! నేనున్నాను, ధైర్యంగా అడవికి వెళ్ళండి!"

ఎవరూ కదల్లేదు. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"దయ్యాలు లేవని మాకెర్కే బిడ్డా. మరి ఆ తలుపెనుక ఉన్నదెవలు?"

"ఏ తలుపు?"

"బంగళల తలుపు! నిన్న మాపటికి స్వాతి చదువుకుంట మా కోయ మాటల చెప్పింది. అందరం ఇన్నం. ఇగ తలుపు తెరుస్తరు అనంగ పిన్నులొచ్చినయ్."

పదమూడేళ్ళు దాటినవాళ్ళకే అని నేనిచ్చిన పుస్తకాన్ని చంకలో పిల్లతో సహా గూడెమంతా విన్నదన్నమాట. ఒక పుస్తకం ఇంటికి వస్తే ఒక్కరే మూల కూర్చుని చదువుకోవడం అక్కడ మర్యాద కాదని నాకెవరు చెప్పారు?

"బంగళ కావలోడే ఉన్నడంటడు మా మరిది," అంది అవ్వ. "కాదు, సచ్చిపోయిన దొరసాని అంట నేను. తెల్లారెదాక గదే కొట్లాట. తేలకుండ అడివికి పోతే చేతులు ఆకు మీద, మనసు తలుపు మీద."

"అయ్యో! పిన్నులు పీకి చదువుకోవచ్చు కదా!"

వాకిలంతా నావైపు తిరిగింది. నేనేదో దొంగతనం చేయమన్నట్టు చూశారు.

"మీరు కొట్టిండ్రు మేడం," అంది స్వాతి నెమ్మదిగా. "మీరే ఇప్పాలె."

వెనక నుంచి వెంకటేశు తలూపాడు. "అవ్. పద్ధతి గదే కదా."

దూరంగా ఉరిమింది. అవ్వ లేచి నిలబడింది.

"ఇప్పుడు చదువుకుంట కూసుంటే పొద్దువోతది. తలుపెనుక ఎవలో నోటితోని చెప్పు, పోతం."

"నేను... నేను చదవలేదవ్వా."

"చదువకుండనే పిన్నులు కొట్టినవా?"

"భయమేసి..."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పైన ఉరుము, కింద నవ్వు, ఏది పెద్దదో చెప్పలేను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, అందరి భయానికీ వయసు కట్టిన నేను అలా పడ్డాను.

తప్పదుగా! గోళ్ళు విరిగేలా పిన్నులన్నీ పీకి చదవడం మొదలుపెట్టాను. నేను చదివేది నాకే సరిగ్గా వినపడలేదు. పక్కనే స్వాతి కోయలో చెప్తోంది. "తలుపు కిర్రుమంది... సందులోంచి ఒక చల్లని చెయ్యి..." అన్నానో లేదో, నా భుజం మీద ఒక చల్లని చెయ్యి పడింది.

నేను పెట్టిన కేకకు కోళ్ళు చూరెక్కాయి. నేను వాకిట్లో ఉన్న మంచమెక్కాను. పుస్తకం ఎటు పోయిందో చూడలేదు.

"జర గట్టిగ చదువుమందామని చెయ్యేసిన బిడ్డా," అంది అవ్వ. కుండలోంచి నీళ్ళు ముంచి వచ్చిందట, చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

ఖాళీ గంపలో పడ్డ పుస్తకం తీసి మిగిలింది స్వాతే చదివేసింది, బడిలో లెక్కల పాఠం అప్పజెప్పినంత తాపీగా. తలుపు వెనక ఉన్నది దొరసాని దయ్యమే. ఏళ్ళ తరబడి మాట్లాడేవాళ్ళు లేక, పేరు పెట్టి పిలిస్తే ఒక్కరైనా లోపలికి వచ్చి కూర్చుంటారని ఆశట.

"అయ్యో పాపం," అంది అవ్వ. "గంతేనా? గదానికి పిన్నులెందుకు? మొన్న ఎలుగుబంటి ఎదురొస్తే గూడ నేను గట్ల ఒర్రలే."

మరు నిమిషంలో గంపలు తలల మీదికెక్కాయి. వాన పడేలోపు దగ్గరి చెట్ల ఆకైనా దక్కించుకోవాలని అందరూ ఉరికారు. వాన భద్రాచలం వైపు తిరిగిపోయింది. సాయంత్రం కల్లానికి రోజుకంటే తక్కువైనా కట్టలు వచ్చాయి. అది చూశాక గానీ నాకు ఊపిరాడలేదు.

ఇక బస్సు దగ్గరికి వెళ్ళాలి. పొద్దున ఉరికి వచ్చిన దారే. కానీ అప్పుడు ఆఖరి అధ్యాయం తెలియదు కదా! టేకాకు రాలినా ఎవరో నా పేరు పిలిచినట్టే ఉంది. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాను.

"అవ్వా, మీరు అటువైపేమైనా వస్తారా?"

"నాకు ఆడ ఏం పనున్నది?" అని, నా ముఖం చూసి, "పా," అని చెయ్యి పట్టుకుంది. బస్సు ఆగే చోటు దాకా ఆ చెయ్యి వదల్లేదు. బస్సు వచ్చింది. ఎక్కబోతుంటే కొంగు ముడి విప్పి, ఆకుపచ్చ స్టిక్కరు తీసి నా చేతిసంచికి గట్టిగా అంటించింది.

"పైలం బిడ్డా. గా పకోడీల దయ్యాల పుస్తకాలే చదువుకో."

కనుక పాఠక మహాశయులారా, పకోడీల దయ్యాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఒకరి గుండె గట్టిదో కాదో నేను తేల్చను. పుస్తకాల గదిలోకి స్టేప్లరు తీసుకుపోను. ఆ స్టిక్కరు ఇప్పటికీ నా సంచి మీదే ఉంది. పీకేద్దామని చాలాసార్లు అనుకున్నాను కానీ, అంటించింది అవ్వ కదా, ఆమే తియ్యాలి.