మెక్సికో యాసకు మార్కుల్లేవు

జ్యోతిరాణికి కోపం ఊరికే రాదు. బోధన్ దగ్గర చెరకు రైతు బిడ్డ. హైదరాబాద్‌లో స్పానిష్ చదివి, మెక్సికో కస్టమర్లతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగంలో చేరింది. మొదటి రోజే బొక్కబోర్లా పడింది. చదివింది మాడ్రిడ్ స్పానిష్, చెవిన పడింది మెక్సికో స్పానిష్. నాలుగుసార్లు మళ్లీ చెప్పమంటే అవతలివాడు విసుక్కుని ఫోన్ పెట్టేశాడు. ఆ అవమానం ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు.

అందుకే, తర్వాత నిజామాబాద్ కోచింగ్ సెంటర్‌లో టీచరుగా చేరి స్పానిష్ చెప్పేటప్పుడు మెక్సికో, కొలంబియా, అర్జెంటీనా వాళ్ల మాటలు రికార్డులు పెట్టి వినిపించేది. అంతకు ముందు పిల్లలతో తెలుగే మాట్లాడించేది. ఇంట్లో అన్నానికి ఎట్లా పిలుస్తారో చెప్పమనేది. వర్ని వైపు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఆంధ్రా క్యాంపు పిల్లది ఒక తీరు, డిచ్‌పల్లి పిల్లవాడిది ఇంకో తీరు. వీటిలో తప్పేదో చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయేవారు.

యజమాని భానుప్రసాద్‌కు ఇది గిట్టలేదు. శుద్ధమైన స్పానిష్ ఒక్కటే చెప్పాలట, మిగతావన్నీ మొరటు యాసలట. పోనీ ఆయనకు స్పానిష్ వచ్చా అంటే, ఒక్క ముక్క రాదు.

చివరి పరీక్షలో చందూర్ నుంచి వచ్చే నిరోష మెక్సికో యాసలో గలగలా మాట్లాడింది. పై వారమే ఆమెకు ఇంటర్వ్యూ, మాట్లాడాల్సింది మెక్సికో వాళ్లతోనే. సెంటర్ పాస్ కాగితం లేకుంటే లోపలికే రానివ్వరు. పుస్తకంతో వచ్చిన రికార్డింగులా లేదని భానుప్రసాద్ మార్కుల కాగితం మీద ఫెయిల్ అని రాసి, టీచర్‌గా జ్యోతిరాణిని సంతకం పెట్టమన్నాడు.

అంతలో ధర్పల్లి నుంచి ఆయన తల్లి చంద్రవ్వ ఫోన్ చేసింది. ఆయన కిటికీ దగ్గరికి పోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "బువ్వ తిన్నవా అవ్వ? గోలీలు ఏస్కున్నవా? ఐతారం అస్త." గొంతులో ఎంత ప్రేమో. అది నలుగురికి వినబడకుండా ఎన్ని తిప్పలో.

జ్యోతిరాణికి ఒళ్లు మండింది.

"సార్, అవ్వతోని మాట్లాడెటప్పుడు నోటికి చెయ్యెందుకు అడ్డం పెట్టుకున్నరు? గా సిగ్గే గదా గీ పిల్లకు నేర్పుతున్నరు?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, మార్కుల కాగితం ఆమె ముందుకు జరిపాడు. ఆమె ఫెయిల్ కొట్టేసి, పాస్ అని రాసి, సంతకం పెట్టి కాగితం నిరోష చేతికే ఇచ్చింది.

అప్పుడు భానుప్రసాద్ నోరు విప్పాడు. "రేపటి నుంచి మీ సేవలు మాకు అవసరం లేదు" అన్నాడు. ఆ మాటకు మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అచ్చు పుస్తకంలో ఉన్నట్టే, అందరికీ వినబడేలా అన్నాడు.