మా నాన్నవాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బుకి నేను రాసిన దొంగ చరిత్ర

మా చిన్నప్పుడు... ఆదివారం పదకొండయ్యేసరికి సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాటు గుమ్మం ముందు బురద బూట్లు కుప్పగా పడి ఉండేవి. లోపల చాపల మీద నాన్నవాళ్ళ ఫుట్‌బాల్ జట్టంతా కూర్చునేది. అమ్మ గుండిగతో ఉప్మా తెచ్చి మధ్యలో పెట్టేది... గెలిచినా అదే ఉప్మా, ఓడినా అదే ఉప్మా.

నా తెలుగు అమ్మ దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకోండి. ఈ సంగతి మాత్రం తెలుగులోనే చెప్పాలి... ఎందుకంటే ఒకసారి ఇంగ్లీషులో చెప్పి పాడుచేశాను.

నాన్న మలేసియా తోటల్లో పుట్టిన తెలుగువాడు. పనికోసం సింగపూర్ వచ్చి ఓడల యార్డులో చేరాడు. ఓడలకి పట్టిన తుప్పు సుత్తితో కొట్టి రాల్చే పని. జట్టులో మిగతావాళ్ళవీ అలాంటి పనులే... తలలో తుప్పు పొడితోనే మైదానానికి వచ్చేవాళ్ళు. వేరే జట్లవాళ్ళు "కారత్, కారత్" అని ఎగతాళి చేసేవాళ్ళట. మలయ్‌లో కారత్ అంటే తుప్పు. వీళ్ళు నవ్వేసి క్లబ్బుకి ఆ పేరే పెట్టేసుకున్నారు. కారత్ ఫుట్‌బాల్ క్లబ్!

దాన్ని మొదలుపెట్టింది అప్పలస్వామి తాత. యార్డులో మరుగుదొడ్లు కడిగేవాడు. ఒకప్పుడు యుగోస్లావియా ఓడ ఒకటి రిపేరు కోసం వచ్చి చాలా రోజులు ఆగిపోయిందట. దాని కళాసీలు సాయంత్రాలు గేటు బయట బంతి ఆడేవాళ్ళు. అందులో ఒకతను, తన ఊళ్ళో ఓడలు కట్టే కూలీలంతా కలిసి పెట్టుకున్న క్లబ్బు ఫొటో చూపించాడు. వాళ్ళ తాత కూడా ఆ క్లబ్బులో ఆడాడట.

"ఆల్లూ మనలాగ కూలోల్లే కదా! ఆల్లకి కలబ్బుంటే మనకెందుకుండకూడదు?" అని అప్పలస్వామి తాత ఆ వారమే పదకొండు మందిని పోగుచేశాడు. వెళ్ళిపోయేటప్పుడు ఆ కళాసీ తన బంతి ఇచ్చి పోయాడు. అది చిరిగినప్పుడల్లా తాతే గోనెసంచి దారంతో కుట్టేవాడు.

నాకు పన్నెండేళ్ళప్పుడు, క్లబ్బు వార్షికోత్సవానికి చిన్న పుస్తకం వేద్దామనుకున్నారు. చరిత్ర ఇంగ్లీషులో ఉండాలి. "మా పిల్ల రాస్తుంది," అన్నాడు నాన్న, నోట్లో ఉప్మా ఉండగానే. నాలుగు ఆదివారాలు తాత నా పక్కన కూర్చుని మొదట్నించీ చెప్పాడు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

గొప్ప కోసం ఈ మాట స్కూల్లో మా టీచర్‌కి చెప్పాను. "అచ్చయ్యాక క్లాసులో చదువు," అందావిడ. నాకు భయం పట్టుకుంది... నాన్న ఇంజినీర్ అని స్నేహితులకి అప్పటికే చెప్పేసి ఉన్నాను.

ఇంకేముంది... కారత్ స్పెల్లింగులో 'కె' తీసి 'సి' పెట్టాను. తుప్పు కాస్తా బంగారు క్యారట్ అయిపోయింది. తుప్పు కొట్టేవాళ్ళు ఇంజినీర్లయ్యారు. కళాసీని కెప్టెన్ని చేసి, క్లబ్బు పెట్టింది ఆయనేనని రాశాను. మరుగుదొడ్లు కడిగే తాత పేరు... ఎక్కడా రాయలేదు.

వార్షికోత్సవం రోజు కమ్యూనిటీ సెంటర్ హాల్లో మైకు ముందు నిలబడి చదివాను. అక్కడ చాలామందికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టారు. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

అయ్యాక తాత పుస్తకం పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. "ఏటమ్మా, నా పేరు ఏ పక్కనొచ్చింది? సెవి సరిగ్గా యినపళ్ళేదు."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. "ఇదిగో తాతా," అని ఒక మాట మీద వేలు పెట్టాను. నా వేలి కింద ఉన్నది 'కెప్టెన్'.

తాతకి చదవడం రాదు. ఆ మాటని బొటనవేలితో మెల్లగా తడిమాడు. "బాగుందమ్మా," అన్నాడు.

ఆ తర్వాత నేను తాతకి కనపడకుండా తిరిగాను. ఆదివారాలు ట్యూషన్ ఉందని చెప్పి తప్పించుకునేదాన్ని. నేను ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకి తాత పోయాడు. నాన్నతో కలిసి వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళాను. హాల్లో గోడకి ఆ పేజీ... అద్దం కట్టించి ఉంది. ఆ మాట కింద ఎర్ర పెన్సిల్‌తో గీత.

తాత మనవరాలు రమణి వచ్చి నా పక్కన నిలబడింది. "వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడక్కా... ఇదే నా పేరని."

నేను ఆ ఎర్ర గీత మీంచి చూపు తిప్పుకున్నాను.

"ఎనిమిదేళ్ళప్పుడే నేను చదివేశాన్ లా," అంది నెమ్మదిగా, సింగపూర్ యాసలో. "తాతకి చెప్పలేదు. అంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పను?"

"సారీ రమణీ," అన్నాను.

"నాకెందుకు చెప్తున్నావక్కా?" అంది. కోపంగా కూడా కాదు. నిజంగానే అడిగింది. తర్వాత లోపలికెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్నకి అంతా చెప్పేశాను. నాన్న తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. చివరికి, "నేను తుప్పు కొట్టేవాణ్ణని కూడా రాయలేదా?" అన్నాడు.

"లేదు నాన్నా."

బెల్లు నొక్కి, నాకన్నా ముందే దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇప్పుడు క్లబ్బు లేదు. ఆ మైదానంలో కాండోలు, అంటే ఖరీదైన అపార్ట్‌మెంట్లు లేచాయి. మా పిల్లలు కోచింగుకెళ్ళి ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు... ఒక్క గోల్ కొట్టకముందే జెర్సీల వీపు మీద వాళ్ళ పేర్లు అచ్చయి ఉంటున్నాయి. నేనేమో, ఒక మనిషి పేరు రాయడానికి ఇన్నేళ్ళు తీసుకున్నాను.

రమణిని అడిగాను, నాన్నకి చదివి వినిపించాను... ఆ తర్వాతే ఇది ఇక్కడ పెడుతున్నాను. కారత్ ఫుట్‌బాల్ క్లబ్ పెట్టినవాడు అప్పలస్వామి. ఓడల యార్డులో మరుగుదొడ్లు కడిగేవాడు.

సిగ్గుపడి మీరూ ఎవరి సంగతైనా దాచి ఉంటే, కింద రాయండి... పేరొక్కటే కాదు, వాళ్ళు చేసిన పని కూడా.