ఫ్లెక్సీలో పోస్టల్ స్టాంపంత నేను

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం కాదు, ఫోన్లో మ్యాచ్ చూసే వైభోగం వచ్చాకే. సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని, మిర్యాలగూడ నుంచి నేనూ, కోదాడ నుంచి మా మేనత్త కొడుకు బావా డిగ్రీ చదువుతున్నాం. ఇద్దరం బంతిని కాలితో తన్నిన పాపాన పోలేదు. అయినా ఫుట్‌బాల్ ప్రపంచకప్పు రాగానే అర్జెంటీనా మీద మాకు పుట్టుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు. (అదెక్కడుందని ఎవరైనా అడిగితే నాగార్జున సాగర్ దాటాక అని చెప్పేవాణ్నేమో.) విదేశాల్లో అభిమానులు తలలు పగలగొట్టుకుంటారని విని, "ఆట కోసం కొట్టుకునుడేందిరా, పిచ్చోళ్లు!" అని నవ్వుకున్నాం కూడా.

మన దగ్గర అభిమానమంటే ఫ్లెక్సీ కదా! ఫైనల్‌కు ముందు చౌరస్తాలో ఒకటి కట్టాలన్నారు మా రెండు ఊళ్ల కాలేజీ దోస్తులు. చేయించే పని బావ మీద పడింది. పొద్దున్నే పోయి చూద్దును కదా, మధ్యలో ఆటగాడు, పక్కనే కూలింగ్ గ్లాసులతో దండం పెడుతూ నిలువెత్తు బావ. నేను అడుగున, కుడి మూలన, పోస్టల్ స్టాంపంత. అందులోనూ సగం కట్టెకు చుట్టుకుపోయాను. ఒళ్లు మండిపోయింది.

"నా ఫోటో గంత చిన్నగ ఎందుకు పెట్టినవ్ బావా?"

"నేనేం చేస్తాను? షాపోడు అట్లా పెట్టాడు."

"మరి షాపోనికి నీ తలకాయ గుమ్మడికాయంత ఎట్ల కనబడ్డది?"

నా వెనక మిర్యాలగూడ వాళ్లు నలుగురు, బావ వెనక కోదాడ వాళ్లు నలుగురు చేరారు. "ఇజ్జత్ పోయింది, గిట్లనే ఇడిసిపెడ్తవా?" అని నా వెనక నుంచి ఒకడు. ఎదుటి జట్టు అభిమాని అక్కడ మందుకైనా లేడు, అందరమూ అర్జెంటీనా వాళ్లమే! నేను తోశాను. బావ ఫ్లెక్సీతో సహా రోడ్డు పక్క మురుగు మోరీలో పడ్డాడు. మడమ విరిగింది.

వారంలో అతనికి కానిస్టేబుల్ పరుగు పరీక్ష. ఏడాదిగా తెల్లారకముందే లేచి ఉరికినవాడు దవాఖానలో కట్టుతో పడుకున్నాడు. మళ్లీ నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ కాలు పరుగుకు పనికిరాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే మండుతుంది. ఆట మాకు రాదు, ఆ దేశం మాకు తెలియదు. కొట్టుకున్నది మా మొహాల కోసం, ఊరి పేరు కోసం, వెనక నుంచి ఎగదోసే నలుగురి కోసం. పండగకైనా, చావుకైనా ఫ్లెక్సీ కట్టి, అందులో ఎవడి తల ఎంతుందో కొలుచుకునే బుద్ధి మాది. పాపం, బంతి ఏం చేసింది? ఎగదోసిన వాళ్లలో ఒక్కడూ దవాఖానకు రాలేదు.

బావకిప్పుడు హుజూర్‌నగర్‌లో విత్తనాల దుకాణం. మొన్న పోయినప్పుడు అతను బస్తా మోస్తూ కుంటడం చూడలేక, ఇన్నేళ్లుగా గొంతులో ఉన్న మాట అనేశాను. "మాఫ్ చెయ్యి బావా. నా వల్లనే నీ నౌకరి పాయె."

"వదిలెయ్ బామ్మర్దీ," అన్నాడు బస్తా దించి. చేతులు దులుపుకుని, "కానీ ఆ ఫోటో షాపోడు కాదు, నేనే చిన్నగా పెట్టించాను," అన్నాడు.

కళ్లు చెమర్చాల్సిన చోట కోపం నడినెత్తికెక్కింది. "ఎందుకు పెట్టించినవ్?" అని దుకాణం దద్దరిల్లేలా అరిచాను, ముప్పై దాటిన మనిషిని. గింజల సంచీ పట్టుకున్న రైతు బిత్తరపోయి చూస్తుంటే బావకు నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు. నవ్వుతూనే, ఇంతకీ ఎంత సైజు పెట్టమన్నావని అడిగాను.