రెండు పాటల కంప్యూటర్

మొన్న శనివారం సాయంత్రం, మరునాటి ఆరాధనకు పాటలు సిద్ధం చేసుకుందామని హిందూపురంలో మా ఇంట్లో లాప్‌టాప్ తెరిచి కూర్చుంటే, అది ఎంతకీ తెమలక, ఎవరెవరో పిలవకుండానే తెర మీదికి తోసుకు వస్తుంటే, విసుగొచ్చి టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్ అని ఉన్నచోట వరసగా కనబడిన అక్కరలేని ప్రోగ్రాములను ఒక్కొక్కటే డిసేబుల్ చేస్తూ పోయాను. వెనక నిలబడి చూస్తున్న నా భార్య, ఎవరినీ బయటికి మాత్రం పంపవద్దని చెప్పి నవ్వింది. ఆ మాటకు మేమిద్దరం అంతసేపు ఎందుకు నవ్వుకున్నామో ఇంట్లో ఇంకెవరికీ తెలియలేదు. మన తరంవాళ్లు, ఇంట్లో మొదటి కంప్యూటర్‌ను కొత్త కోడలిని చూసుకున్నట్లు చూసుకున్నవాళ్లు, మీకైతే చెబితే తెలుస్తుంది.

అప్పుడు మా కాపురం పెనుకొండలో. నేను హైస్కూల్లో లెక్కల మాస్టరును, ఆదివారం పూట సండే స్కూలుకూ మాస్టరునే. మేము కంప్యూటర్ కొన్నది మాకోసం కాదు, మా అమ్మ కోసం. ఆమెకు చూపు బాగా మందగించి, పాటల పుస్తకం ముఖానికి ఆనించుకున్నా అక్షరం ఆనేది కాదు. మా నాయనకు పాటలన్నీ నోటికి వచ్చేవి, అమ్మకు మాత్రం పుస్తకం చేతిలో ఉండాల్సిందే. ఆయన ఎత్తుకుంటే ఈమె వేలితో వరసలు చూసుకుంటూ వెనకే పాడేది. నాయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక, పుస్తకమూ కనబడక, ఆమె కుటుంబ ప్రార్థనలో పెదవులు మాత్రం కదిలిస్తూ కూర్చోవడం చూడలేకపోయాను. అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెద్దది చేసి చూపించే పెట్టె ఉందని తెలిసి, హిందూపురం వెళ్లి తెచ్చాను. మొదటి రోజు అరచేయంత అక్షరాలతో పల్లవి తెర మీద కనబడగానే అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని పాడిన పాట, నేను బతికినంతకాలం నా చెవుల్లో ఉంటుంది.

మా సంఘంలో ఏ కొత్త వస్తువు వచ్చినా ప్రార్థన చేయించి గానీ వాడరు, అది కుట్టు మిషనైనా మోటారు సైకిలైనా. పాస్టరుగారు వచ్చి మానిటర్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, టీ తాగి వెళ్లారు. అంతటితో అది మా ఒక్కరి ఇంటిది కాకుండా పోయింది. ఒకరు క్రిస్మస్ కార్డులు చేసుకునే సీడీ తెచ్చారు, ఒకరు పాటలు వినిపించేది తెచ్చారు, ఒకరు గోడ క్యాలెండర్ లాంటిది ఇచ్చారు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే మా బావ, అంటే అక్క భర్త, అందరికంటే ఘనంగా, కంప్యూటర్ వెయ్యగానే గులాబి పువ్వు విచ్చుకుని, పిల్లనగ్రోవి మోగి, ఆనాటి బైబిలు వాక్యం కనబడే సీడీ తెచ్చి స్వయంగా ఎక్కించి వెళ్లాడు. వీటిలో ప్రతిదీ ఎక్కేటప్పుడు, కంప్యూటర్ వేసినప్పుడల్లా నేనూ రావచ్చునా అని ఒక మాట అడిగేది. వాకిట్లో నిలబడి లోపలికి రావచ్చా అని అడిగినవాళ్లకు వద్దని చెప్పడం మా ఇంటావంటా లేదు కనుక, అన్నిటికీ సరేనని నొక్కాము.

ఫలితం ఏమిటంటే, స్విచ్ వేశాక తెర ఎంతకీ రాక, ఊరికే కూర్చోలేక పిల్లలతో కలిసి ఒక పాట ఎత్తుకునేవాళ్లం. ఆ పాట అయ్యేలోగా తెర తెరుచుకునేది. పోనుపోను ఒక పాట చాలక రెండో పాట కావలసి వచ్చింది. మా బావ ఊరందరికీ దాన్ని రెండు పాటల కంప్యూటర్ అని చెప్పి నవ్వించేవాడు, ఆలస్యంలో తన గులాబికి ఎంత వాటా ఉందో తెలియక. పిల్లలకు అదంతా సంబరంగా ఉండేది గానీ, రెండో పాట ముగిసేసరికి అమ్మ తల కుర్చీ మీదికి వాలిపోయి ఉండేది. తెర నిండా పెద్ద అక్షరాలు వెలుగుతుంటే, ఎవరికోసం తెచ్చామో ఆమె నిద్రపోతుండేది. లేపడానికి మనసు ఒప్పేది కాదు.

ఇంతలో నాయన జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడింది. ఆ రోజు నాయన పాట, చరణాలు చాలా ఉన్న పొడుగాటి పాట, మొదటినుంచి చివరిదాకా తానే చదువుతూ పాడతానని అమ్మ ముందుగానే చెప్పింది. ఇంటినిండా జనంలో ఆమె నిద్రలోకి జారిపోతే ఏమి చెయ్యాలన్నదే నా దిగులు. అలాంటప్పుడు దినపత్రికలోని కంప్యూటర్ పేజీలో, మొదట్లోనే లేచి నిలబడే ప్రోగ్రాములను ఆపే ఉపాయం కనబడింది. స్టార్ట్ నొక్కి, రన్ తెరిచి, ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టి, స్టార్టప్ అన్నచోట చూస్తే పేర్ల పక్కన చిన్న గళ్లు, గళ్లలో టిక్కులు. ఉత్సాహంలో అన్ని టిక్కులూ తీసేశాను. ఆపి మళ్లీ వేస్తే పాటలో సగానికే తెర వచ్చింది. స్తోత్రం చెప్పి, పాటలో ఒక తప్పు దిద్దబోతే తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాలే పడుతున్నాయి. తెలుగు టైపు చేయించే ప్రోగ్రామునూ, వైరస్ రాకుండా కాపలా కాసేదాన్నీ కూడా వాటితోపాటే ఆపేశానన్నమాట.

నా భార్య స్త్రీల సమాజానికి నాయకురాలు. ఆమె గృహ కూడికల్లో ఒక పద్ధతి పెట్టింది. దేవుడు తమకు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పేవాళ్లందరూ మొదట్లోనే లేస్తే వాక్యానికి వేళ ఉండదు కనుక, పాట ఎత్తేవాళ్లూ వాకిలి చూసుకునేవాళ్లూ తప్ప తక్కినవారు పిలిచేదాకా కూర్చోవాలి. ఇక్కడా అంతే చెయ్యమంది. తెలుగుదానికీ కాపలాదానికీ టిక్కులు తిరిగి పెట్టాను. తక్కినవి అలాగే వదిలాను. బావ గులాబి దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఒకసారి పెళ్లిలో ప్రార్థన చెయ్యమని అడగలేదని కొన్నాళ్లు మా గడప తొక్కని మనిషి ఆయన. అదీగాక, పొద్దున్నే వచ్చే వాక్యాన్ని రావద్దనడం నాకు నిజంగానే భయమనిపించింది. అప్పుడామె అంది.

"అది వస్తానే మూసేస్తాండాము కదా, ఒక్కరోజన్నా చదివినామా? మనమే పోయి పిల్చుకొని చదువుకుందాం."

టిక్కు పెట్టలేదు.

కూడిక రోజు ధర్మవరం నుంచి అక్కా బావా రైల్లో వచ్చారు. ఇల్లు నిండింది. పాస్టరుగారు ప్రార్థన ముగించగానే స్విచ్ వేశాను. జనం అలవాటుగా పాట ఎత్తుకోబోయేలోగా తెర తెరుచుకుని నాయన పాట నిలబడింది. బావ ముందు వరసలోంచి లేచాడు.

"ఏమప్పా, నా గులాబి యాడ? తీసి పారేసినావా?"

నా భార్యే అందుకుంది.

"యాడికీ పోలేదన్నా, ఆడనే కూర్చోనుండాది. సాక్ష్యం చెప్పేవాళ్లు పిలిచినాక లేస్తారు చూడు, అట్ల."

ఏ కూడికలోనైనా అందరికంటే ముందు లేచి అందరికంటే పొడుగు సాక్ష్యం చెప్పేది మా బావే కనుక, ఆడవాళ్ల వరసలో నవ్వు బయలుదేరింది. ఆయన ముఖం ఎర్రబడింది. ఆయన అలిగి ఇప్పుడు వాకిలి దాటితే కూడిక ఏమవుతుందోనని నేను చూస్తుంటే, కుర్చీలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"కూర్చో అల్లుడా. నాకు అక్షరాలు కనపడతాండాయి."

ఆ తర్వాత బావ కూర్చోలేదు, వెళ్లిపోనూ లేదు. కంప్యూటర్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. అమ్మ వేలు గాలిలోనే వరసలు చూసుకుంటూ పాడుతుంటే, చరణం ముగిసినప్పుడల్లా మీట నొక్కి తర్వాతి చరణం తెచ్చిందీ ఆయనే. అమ్మ ఒక్క మాట తడబడలేదు, ఒక్క చరణం వదల్లేదు. అంతా అయ్యాక నా భార్య గౌరవంగా పిలిస్తే గులాబిని ఆయనే తెరిచాడు. పిల్లనగ్రోవి మోగుతుండగా ఆనాటి వాక్యాన్ని బావ నిలబడి చదివితే, మొదటిసారి ఇంటిల్లిపాదీ చివరిదాకా విన్నాము. భోజనాల దగ్గర అమ్మ, పెట్టె మరీ తొందరపడితే తాను గొంతు సవరించుకునేది ఎప్పుడని నాతో తగవు పెట్టుకుంది.

ఇప్పుడు మందిరంలో గోడంత తెర. స్తోత్రం అనేలోపు పాట ప్రత్యక్షమవుతుంది. కరెంటు పోతే మాత్రం సంఘమంతా మూగబోతుంది, ఎవరికీ నోటికి రాదు. మా పిల్లలకు చూడకుండా వచ్చే పాటలు ఈనాటికీ రెండే, ఆ కంప్యూటర్ తెరుచుకునేదాకా వాళ్ల అవ్వ పక్కన కూర్చుని పాడినవి. ఆలస్యాన్ని అంత పట్టుదలగా పోగొట్టుకున్నవాడిని, ఆ ఆలస్యం చాటున ఏమి దొరికిందో అప్పుడు చూసుకోలేదు.

మొన్న అన్నీ డిసేబుల్ చేసి లాప్‌టాప్ మళ్లీ వేసినప్పుడు, నా భార్య తనకు తెలియకుండానే మొదటి పాట ఎత్తుకుంది. పల్లవి సగంలోనే తెర వచ్చేసింది. ఇద్దరం దానివంక చూసి, దాన్ని కాసేపు కూర్చోబెట్టి, రెండు పాటలూ పూర్తిగా పాడుకున్నాం.