వంగని మోచెయ్యి

ఆస్ట్రేలియాలోని బెండిగో గనుల్లో పనిచేసే ఆల్బీ ట్రెగేర్ విక్టోరియా క్రికెట్ జట్టుకు ఆడింది రెండే మ్యాచ్‌లు. రెండో దాంట్లో అంపైర్ నాన్కివెల్ అతని కొంప ముంచాడు. ఆల్బీ మోచెయ్యి వంచి బంతి విసురుతున్నాడని ఒకే ఓవర్లో ఐదుసార్లు "నోబాల్!" అంటూ మైదానం దద్దరిల్లేలా అరిచాడు. కెప్టెన్ బంతి లాక్కున్నాడు. మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు.

గనిలో సాటివాళ్ళకు వేళాకోళం దొరికింది. "ఒరేయ్ విసురుడుగా, ఆ గునపం ఇలా విసురు!" అనేవారు. దొంగ అన్నా పడేవాడేమో గాని, ఆ మాటకు ఆల్బీకి ఒళ్ళు మండిపోయేది. ఇంటికొచ్చి మోచేతికి చెక్క బద్ద కట్టుకుని, పెరటి కంచెకేసి బంతులు వేసేవాడు.

"ఎవరికి చూపిద్దామని?" అనేది భార్య ఈడిత్.

"నాకే."

జర్మనీతో యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరమని సభ పెట్టి ఉపన్యాసం దంచినవాడు, ఇంకెవరు, ఆ నాన్కివెలే. ఊళ్ళో పెద్దమనిషి కదా! వయసు మళ్ళినవాడికి పోయేదేముంది? ఆల్బీ పళ్ళు కొరుక్కుంటూనే వెళ్ళి సంతకం పెట్టాడు.

ఫ్రాన్సులో అతన్ని చేతిబాంబులు వేసే దళంలో పడేశారు. కందకం ఇరుకు, వీపు వెనకే ఇసుక మూటలు.

"ఇది మెల్‌బోర్న్ మైదానం అనుకున్నావుట్రా?" అని సార్జెంటు డౌడ్ తిట్టేవాడు. "మోచెయ్యి వంచి విసురు! చెయ్యి చాపి తిప్పావంటే వెనక మూటలకి తగిలి చస్తావు."

"నేను విసరను సార్. బౌలింగే చేస్తాను."

ఒక మధ్యాహ్నం తిప్పిన చెయ్యి మూటకు తగిలింది. బాంబు జారి కాళ్ళ దగ్గర పడింది. ఆల్బీ దాన్ని అందుకుని గట్టు మీదుగా అవతలికి తోస్తుండగా పేలింది. వెనకున్న నలుగురూ బతికారు. అతని కుడి చెయ్యి భుజం దాకా పోయింది.

ఊరు తిరిగొచ్చాక సన్మానం చేశారు. నాన్కివెల్ వేదికెక్కి, "ఆ చేతి సత్తా ముందు కనిపెట్టింది నేనే!" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆల్బీ లేచాడు. ఖాళీ చొక్కా చెయ్యి వేలాడుతోంది.

"అయ్యా, మోచెయ్యి వంచి విసిరుంటే ఈ చెయ్యి ఉండేది. మీరు అన్న మాటకి వంచలేదు. ఇప్పుడు చెప్పండి, నాది నోబాలేనా?"

ముసలాయన తల దించుకుని ఏదో గొణిగాడు.

"గట్టిగా!" ఆల్బీ గొంతు చించుకున్నాడు. "ఆ రోజు మైదానమంతా వినపడింది కదండీ మీ గొంతు! ఇవాళ దానికేం రోగమొచ్చింది?"