అరగంట ముందు వేయాల్సిన స్విచ్

బ్యోబ్లింగెన్‌లోని మా ఆఫీసులో ఒక పాత ప్రొజెక్టర్ ఉంది. అది వేడెక్కగానే కాలిన దుమ్ము వాసన వస్తుంది. అందరూ కిటికీలు తెరుస్తారు. నాకు మాత్రం హాంబర్గ్‌లోని శామ్యూల్ అన్నయ్య వంటగది గుర్తొస్తుంది. అక్కడ కూర వాసన కంటే ఈ వాసనే ఎక్కువ.

అన్నయ్యది కాకినాడ. అప్పట్లో హాంబర్గ్‌లో విమానాల విడిభాగాల కంపెనీలో నా పై అధికారి. ఆదివారాలు మా తెలుగు ప్రార్థన కూటంలో బేస్ గిటార్ వాయించేవారు. ఎవరో వదిలించుకున్న ఒక పాత బేస్‌నూ, దానితో వచ్చిన సింథసైజర్ పెట్టెనూ తెచ్చి శీతాకాలమంతా ఆ వంటగదిలోనే బాగుచేశారు. వేడెక్కితే ఆ పెట్టెదీ కాలిన దుమ్ము వాసనే. రెండింటినీ ఒక లావుపాటి కేబుల్ కలుపుతుంది. తీగ మీటితే పెట్టె ఆ స్వరాన్ని పసిగట్టి వయొలిన్ల గుంపులా పలుకుతుంది. మంద్ర తీగైతే కాస్త ఆలస్యంగా.

"జర్మన్ ఆఫీసుల్లోలాగా ఈ స్వరానిక్కూడా ముందే టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకోవాలా అన్నయ్యా?" అన్నాను.

"అవతలోడి మాట పూర్తవకుండా నీలాగా అందుకోదు తమ్ముడూ. మొత్తం విని పలుకుద్ది," అన్నారు. ఆఫీసు పనిలో ఆయన నేర్పినవి చాలా మరిచిపోయాను గాని, ఆ మాట ఇప్పటికీ మీటింగుల్లో నా నోరు మూయిస్తుంది. సగం సార్లు.

ఇరవై ఏళ్లుగా ఇతరుల పాటల వెనకే వాయించిన మనిషి, ఆ ఈస్టర్‌కు తను కట్టిన పాటతో మొదటిసారి ముందుకు రాబోయారు. నాకు అప్పగించింది ఒక్కటే. "అరగంట ముందు పెట్టె ఆన్ చెయ్యి. చల్లగా ఉంటే శ్రుతి నిలవదు." మేము అద్దెకు తీసుకున్న చర్చి హాలేమో ఫ్రిజ్‌కు తోబుట్టువు. టీ దగ్గర నలుగురినీ నవ్విస్తూ మరిచిపోయి, ఆయన వేదిక ఎక్కుతుండగా స్విచ్ వేశాను.

రెండో చరణానికి శ్రుతి జారిపోయింది. ఆయన కంగారుగా మరలు తిప్పుతుంటే, కప్పిపుచ్చడానికి నేను మైకు అందుకున్నాను. "పెట్టెకింకా ఇక్కడ ఉండటానికి బ్లూ కార్డ్ వీసా రాలేదండీ, అందుకే నిలకడ లేదు." హాలంతా నవ్వింది. ఆయనా నవ్వారు. కేబుల్ పీకేసి, మామూలు బేస్‌గా వాయించి పాట ముగించారు.

తిరుగు రైల్లో, "నా సోల్డరింగే సరిగ్గా లేదు," అన్నారు. నిజం చెప్పాల్సిన చోటు అదే. "మేనేజర్లకి సోల్డరింగ్ ఎవరు నేర్పుతారు అన్నయ్యా," అన్నాను.

నెల తిరక్కుండా, లోపముందని ముందే చెప్పి, రెండింటినీ కాట్‌బస్ అనే ఊళ్లో ఒక సంగీత పిచ్చివాడికి ఇచ్చేశారు. పెట్టె బ్రహ్మాండంగా పలుకుతోందని, లోపమేమీ లేదని కొన్నాళ్లకు అతని మెసేజ్ వచ్చింది. అది నాకు చూపిస్తూ, "అయితే లోపం నా చేతుల్లోదన్నమాట," అన్నారు అన్నయ్య. అప్పుడూ ఏదో జోకు వేశాను. ఏమిటో గుర్తులేదు, ఆయన నవ్వింది గుర్తుంది. ఆ తర్వాత ఆదివారాల్లో వెనక వరుసలో కూర్చునేవారు.

పోయిన శీతాకాలం ఆయన గుండె ఆగింది. సంస్మరణ సభలో నన్ను మాట్లాడమంటే బాగానే నవ్వించాను. బయటికి వచ్చాక వాళ్లమ్మాయి అడిగింది. "నాన్న బేస్ ఎందుకు మానేశారో మీకేమైనా తెలుసా?"

"తెలీదమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి నంబరు నా ఫోన్‌లో ఉంది. ఆ రోజు స్విచ్ ఆలస్యంగా వేసింది నేనేనని మెసేజ్ రాసి పెట్టుకున్నాను. అందులో ఎక్కడా జోకు లేదు. అందుకే కాబోలు, పంపడం చేతకావడం లేదు.