నంద్యాల ఉగ్గాని, ఆళ్లగడ్డ శనివారం భోజనం

ముక్కు మీద కోపం మనిషినని మా వినుకొండలో నాకు పేరు. కిందటేడు శ్రావణంలో వచ్చిన విషజ్వరం ఆ ముక్కును పనికిరాకుండా చేసి, కోపాన్ని మాత్రం నా దగ్గరే వదిలిపోయింది. ఇరవై రెండు రోజులు మంచం మీదున్నాను. లేచాక మా ఆవిడ రాజ్యం ఇచ్చిన మొదటి కాఫీ ఒక్క గుక్క తాగి, "వేడినీళ్లు ఇచ్చావేం?" అని గ్లాసు విసిరేశాను. అది చిక్కటి కాఫీ అని నేల మీద పారిన రంగు చూశాకే తెలిసింది. ముక్కూ నాలుకా రెండూ పోయాయి. డాక్టరు గారు నాలుక బయట పెట్టించి చూసి, "వస్తే వస్తుంది, లేకపోతే లేదు" అన్నారు. మందు కూడా రాయలేదు.

ఇంకెవరికైనా ఇది చిన్న విషయమేమో కానీ నాకది బతుకుదెరువు. స్టేషను దారిలో నాలుగు బల్లల భోజన హోటలు నాది. పదహారేళ్లుగా వంట నా చేతిదే. జ్వరం తగ్గిన మూడో వారంలో పప్పుచారులో ఉప్పు రెండుసార్లు పడింది. మర్నాడు భయపడి అసలు వేయలేదు. రోజూ వచ్చే బడిపంతులు గారు ఒక్క మాటా అనకుండా ఆకు మడిచి లేచిపోయారు. మళ్లీ మా గడప తొక్కలేదు. నాలుగు తిట్టి పోయినా బాగుండేది. అప్పటి నుంచి రాజ్యం దొడ్డి తలుపులోంచి వచ్చి, అరచేతిలో ఇంత పోసుకుని రుచి చూసి, "ఇంకాస్త" అనో "చాలు" అనో చెప్పి వెళ్తోంది. వంటవాడు పెళ్లాం నాలుకతో వండటం కంటే సిగ్గుచేటు ఇంకేముంటుంది? హోటలు వేరొకాయనకు అప్పజెప్పే మాట నడిచింది. సోమవారానికి ఔననో కాదనో చెప్పాలి.

ఆ లోగా ఒక్కసారి నంద్యాల, ఆళ్లగడ్డ వెళ్లి రావాలనిపించింది. పదిహేడో ఏట నేను మొదట గరిటె పట్టింది నంద్యాలలో. ఒక పాత టిఫిను హోటల్లో నాలుగేళ్లు పని చేశాను. నాకంటూ ఒక నాలుక ఉందని తెలిసిందీ అక్కడే. మొదట దొరికిన చోటనే వెతికితే మళ్లీ దొరుకుతుందేమోనని పిచ్చి ఆశ. ఆళ్లగడ్డలో ఓబుళమ్మ అనే ఆవిడ భోజనశాల గురించి అహోబిలం వెళ్లొచ్చే వాళ్లంతా ఆ రోజుల్లోనే చెప్పుకునేవారు. నాకు ఏనాడూ సెలవు దొరకక వెళ్లలేదు. ఈ రెండు ఊళ్ల తిండికి కూడా నా నాలుక లేవకపోతే సోమవారం ఔననేద్దామని గట్టిగా అనుకుని బయల్దేరాను.

వినుకొండలో గుంతకల్లు పాసింజరు శుక్రవారం చీకటి పడ్డాక ఎక్కితే శనివారం ఉదయం ఏడింటికి నంద్యాలలో దింపింది. కార్తీక మాసం, రెండు రోజులుగా ముసురు. ప్లాట్‌ఫారం మీద తడిసిన గోనె బస్తాలు, బొగ్గు పొగ. ఏ వాసనా తెలియకుండా ఒక ఊళ్లో దిగడం ఎంత వింతగా ఉంటుందో చెప్పలేను. బొమ్మలో ఊరిని చూస్తున్నట్టుంది. బయట ఖాదర్ అనే జట్కా అబ్బి గోనెసంచి నెత్తిన కప్పుకుని నిలబడి ఉన్నాడు.

"యాడికి పోవల్ల సామీ?" అన్నాడు.

"పాత బజారులో మద్దిలేటి హోటలు."

"పొద్దున్నే ఉగ్గానికి వచ్చినారా? అట్లయితే కూచోండి. ఆలస్యమైతే బజ్జీలు అయిపోతాయి. నాలుగణాలీండి. ఆ కొత్త పైసలిస్తే మాత్రం నాకు లెక్క రాదు, ముందే చెప్తాండా."

నాణేలు మారిన ఏడాది అది. మీరు ఈ దారిన వచ్చేట్టయితే పాత అణాలు కొన్ని దగ్గర ఉంచుకోవడం మంచిది. జట్కా వాళ్లూ బజ్జీల వాళ్లూ ఇంకా వాటినే నమ్ముతున్నారు.

హోటలు మారలేదు. అవే నాపరాతి అరుగులు, మసి పట్టిన దూలాలు, వీధి వైపుకే పెద్ద బాణలి. నాకు పని నేర్పిన పెద్దాయన పోయి ఆరేళ్లయింది. ఆయన కొడుకు మద్దిలేటి ఇప్పుడు పొయ్యి దగ్గర కూర్చుంటాడు. నన్ను చూసి గరిటెతోనే లేచి వచ్చాడు.

"ఏందప్పా, సచ్చినావో బతికినావో ఒక్క జాబన్నా లేదే! కూచో కూచో. ముందు తిను, యవ్వారాలు తర్వాత."

తెలియని వారికి ఒక మాట. ఉగ్గాని అంటే బొరుగులను, అంటే మన మరమరాలను, నీళ్లలో ముంచి పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లేది. బొరుగులు ఒక్క క్షణం ఎక్కువ నానితే ముద్దవుతాయి, తక్కువైతే గొంతులో గుచ్చుకుంటాయి. పక్కన పొడుగు మిరపకాయ బజ్జీ లేకుండా ఉగ్గాని పెట్టడం ఇక్కడ మర్యాద కాదు. రెండూ కలిపి మూడణాలు. మొదటి పిడికెడు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. మెత్తగా ఉంది, వెచ్చగా ఉంది. అంతే. బజ్జీ కొరికితే నాలుక భగ్గుమంది, ముక్కు కారింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. మంట మాత్రం ఉంది, దాని వెనక రావలసిన రుచి రాలేదు. చీకటి గదిలో ఎవరో చెంప మీద కొట్టి పోయినట్టుంది.

మద్దిలేటి నా కళ్లు చూసి మెత్తబడ్డాడు. "మా నాయన గుర్తొచ్చినాడా? ఆయన చెయ్యే అప్పా ఇది. ఒక్క పిసరు గూడా మార్చలే."

"అవునన్నా, ఆయనే గుర్తొచ్చాడు" అన్నాను. ఆ పెద్దాయన పేరు మీద అబద్ధమాడినందుకు నా మీద నాకే రోత పుట్టింది. రెండో ప్లేటు పెట్టబోతే దండం పెట్టి లేచాను.

అదే వీధి చివర ఒక శెట్టిగారి మిఠాయి అంగడి ఉంది. మూడు తరాలుగా బెల్లం పాకంతో వేరుశనగ ఉండలు కడతారు. అక్కడ వాటిని బుడ్డల ఉండలంటారు. వీశె తీసుకుని, ఒకటి నోట్లో వేసుకున్నాను. గులకరాళ్లు నమిలినట్టుంది. మిగిలినవి రాజ్యం కోసం సంచిలో పెట్టుకుని వానలో బస్సుల దగ్గరికి నడిచాను.

ఆళ్లగడ్డ బస్సు పదిన్నరకు. టిక్కెట్టు రూపాయి. "బేగా ఎక్కండప్పా, శిరివెళ్ల కాడ రోడ్డంతా బురద, మళ్లీ నన్ననొద్దు" అని డ్రైవరు అరుస్తున్నాడు. ఆయనన్నట్టే శిరివెళ్ల దాటాక ఒకచోట దిగి అందరం బస్సును తోశాం. నల్లరేగడి చెప్పులను పట్టుకుని వదలదు. రెండు పక్కలా తడిసి వంగిన జొన్న చేలు, దూరంగా మబ్బులో నల్లమల. ఆళ్లగడ్డ చేరేసరికి ఒంటి గంట కావస్తోంది.

బస్సు దిగిన చోటునుంచి అహోబిలం బండ్లు నిలిచే వైపు నడిస్తే, ఎడమ చేతి రెండో సందులో ఓబుళమ్మ ఇల్లు. బోర్డు లేదు, అడిగితే ఎవరైనా చూపిస్తారు. వర్తకుల కుటుంబం. భర్త పోయాక తమ ఇంటి పొడుగు పంచపాళీలోనే భోజనాలు మొదలుపెట్టిందట. నాపరాళ్ల నేల మీద రెండు వరుసల చాపలు, మోదుగ విస్తర్లు. భోజనం ముప్పావలా. నా పక్కన తలగుడ్డ చుట్టుకున్న ఒక రైతు కూర్చున్నాడు. ఆకు మూలన ముందు ఉప్పు వేశారు. తర్వాత అన్నం, వాళ్లు గోగాకు పప్పనే గోంగూర పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. వంటింటి గడపలో తెల్లచీరలో ఒక ముసలావిడ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడే ఓబుళమ్మ అని వడ్డించే ఆమె చెప్పింది.

గోగాకు పప్పు మీద నాకు ఆఖరి ఆశ. ఆ పులుపుకు చచ్చిన నాలుక కూడా లేస్తుందనుకున్నాను. ముద్ద కలిపాను, పెట్టుకున్నాను, మింగాను. ఏమీ లేదు. ఇంకో ముద్ద. ఏమీ లేదు. అన్నం చుట్టూ ఉన్నవన్నీ ఒకే తెల్ల కాగితంలా ఉన్నాయి. ఇక అయిపోయిందనుకున్నాను. అయినా వంటవాణ్ని కదా, ఇంకో వంటమనిషి గడపలో నిలబడి చూస్తుంటే ఊరకే తిని పోవడం మర్యాదగా అనిపించలేదు. నాకు రుచి తెలియదని బయటపడకూడదన్న భయం కూడా ఉంది. తలెత్తి గట్టిగా అన్నాను.

"అమ్మా, ఎన్నో చోట్ల తిన్నాను కానీ ఇంత కుదిరిన పప్పు తినలేదు. ఉప్పు అయితే తూచి వేసినట్టుంది!"

వరుసలో చేతులన్నీ ఆగాయి. పక్కన రైతు నా ఆకులోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు, పక్కున నవ్వాడు. "ఏందీ, ఉప్పా? యో, ఈయప్పను సూడండ్రా..."

"నోర్మూసుకోని తిను ఓబులేసూ" అంది గడపలోంచి ఆవిడ. అతను తల దించుకున్నాడు. నాకేమీ అర్థం కాక చెవులు మండిపోతున్నాయి.

వరుస లేచి చేతులు కడుక్కోవడానికి పోయింది. నేను లేవబోతుంటే ఓబుళమ్మ వచ్చి నా ఎదుట అరుగు మీద కూర్చుంది.

"ఎన్ని దినాల నుంచి నాయనా, నీ నోటికి ఏమీ తెలీకుండా ఉండేది?"

నా కోపం ఠక్కున లేచింది. "ఏం తెలియకుండా?"

"ఈ పొద్దు శనివారం. మా స్వామికి ఒక్కపొద్దు ఉండేటోళ్లు వస్తారని శనివారం పూట పొయ్యి మీద దేంట్లోనూ ఉప్పెయ్యం. కావాల్సినోళ్లు ఆకులో ఉండేది కలుపుకుంటారు. ఈ సీమలో అందరికీ తెలిసిందే. నీ ఆకు సూడు. ఏసిన ఉప్పు ఏసినట్లే ఉండాది."

చూశాను. మూలన తెల్లటి చిన్న కుప్ప చెక్కుచెదరలేదు. ఏ పూట భోజనంలోనైనా ముందు ఉప్పు వేస్తారు కదా, అదే అనుకున్నాను. పరువు పోయిందన్న బాధ కంటే, దాచలేకపోయానన్న అలసటే ఎక్కువనిపించింది. ముక్కూ మొహం తెలియని ఆవిడ ముందు వెక్కివెక్కి ఏడ్చాను. జ్వరం సంగతి, హోటలు సంగతి, సోమవారం సంగతి అన్నీ చెప్పాను.

ఆవిడ అంతా విని, "నేనూ రుచి జూసి వండను" అంది.

"శనివారాలా?"

"ఏ వారమూ జూడను. మడి వంట నాయనా. స్వామికి పెట్టకముందు నాలిక్కి తాకీకూడదు. స్వామికి పెట్టేతలికి జనం వచ్చి కూచోనుంటారు. ఇంగ రుచి జూసేది యాడ? నలభై ఏండ్లు అట్లనే జరిగిపాయ."

"మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"మొగాలు జూస్తా. మొదటి ముద్ద పెట్టుకున్నోని మొగం అంతా చెప్తాది. ఎక్కువైతే ఒక తీరు, తక్కువైతే ఒక తీరు. మర్సనాటికి చెయ్యి సర్దుకుంటాది. నీ మొగమే ఏమీ చెప్పలే. మూసేసిన అంగడి మాదిరి ఉండాది." మళ్లీ తనే అడిగింది. "నువ్వు జూస్తావా, నీకాడ తినేటోళ్ల మొగాలు?"

పదహారేళ్లు వంటింట్లోంచి కేకలేయడమే తప్ప గడప దాటి బయటికి చూసిన రోజు గుర్తులేదు. అన్నేళ్లు నా చేతి అన్నం తిన్న బడిపంతులు గారు ఆ చప్పటి పప్పుచారు నోట్లో పెట్టుకున్నప్పుడు మొహం ఎలా పెట్టారో నాకు తెలియదు. ఆయన వెళ్లిపోయేటప్పుడు వీపు మాత్రం చూశాను.

"మళ్లీ వస్తుందంటావా అవ్వా?" అన్నాను చివరికి.

"అది నాకేం తెలుసు? వస్తాదని నీకు అబద్ధం చెప్పను. లెయ్, మూడింటి బస్సు పోతాది."

ఆ బస్సుకే నంద్యాల చేరి, సాయంత్రం పాసింజరు పట్టుకుని, ఆదివారం ఇల్లు చేరాను. రాజ్యం కాళ్లకు నీళ్లిచ్చి, సంచిలోంచి బుడ్డల ఉండ తీసి కొరికింది. నేను ఎదురుగా కూర్చుని ఆమె మొహాన్నే చూశాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె తింటుంటే చూడటం బహుశా అదే మొదలు. కొరికాక ఒక కనుబొమ ఇంత ముడిపడి, మళ్లీ సర్దుకుంది.

"పాకం కాస్త మాడిందా?" అన్నాను.

ఆమె నోట్లో ఉండ అలాగే ఉండిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. "మీకు తెలిసిందా? రుచి తెలిసిందా మీకు?" అని నా చెయ్యి పట్టుకుంది.

"లేదు" అన్నాను. ఆ మొహంలో వచ్చిన వెలుగు పోవడం కూడా చూశాను. మొహాలు చూస్తూ వండడమంటే ఇదీ చూడాలి కాబోలు. సోమవారం హోటలు కోసం వచ్చినాయనకు కాదని చెప్పాను.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. నాలుక రాలేదు. వస్తుందని ఇప్పుడు ఎదురుచూడటం లేదు కూడా. ఉదయం లేవగానే కాఫీ అనే వేడినీళ్లు తాగి పొయ్యి రాజేస్తాను. ఉప్పు పిడికిలి లెక్కన వేస్తాను. రాజ్యం రుచి చూస్తే సిగ్గుపడటం మానేశాను. మొదటి వరుస కూర్చోగానే గరిటె కింద పెట్టి గడపలోకి వచ్చి నిలబడతాను. కొన్ని మొహాలు విచ్చుకుంటాయి, కొన్ని ముడుచుకుంటాయి. బడిపంతులు గారు కూర్చునే చోటు ఇంకా ఖాళీగానే కనిపిస్తుంది. ఈ మధ్య బజారులో ఎదురైతే నమస్కారం పెట్టాను. ఆయన తలూపి వెళ్లిపోయారు.

మీరు ఆళ్లగడ్డ వెళ్లేట్టయితే పదిన్నర బస్సే మంచిది, ఒంటి గంట వరుసకు అందుతారు. శనివారమైతే ఆకు మూలన వేసిన ఉప్పు కలుపుకోవడం మరిచిపోకండి. ఏ వారమైనా సరే, మొదటి ముద్ద పెట్టుకున్నాక ఒక్కసారి తలెత్తి గడప వైపు చూడండి. అక్కడొకరు మీ మొహం కోసం నిలబడి ఉంటారు.